వేటపాలెం దారిలో రెబ్కా

పెళ్ళయి పొదిలి వచ్చి రెండు నెలలు కావస్తున్నా రెబ్కాకీ ఆమె భర్తకీ మధ్య ఇంటిపని మాటలే తప్ప వేరే మాటలు పుట్టలేదు. అన్నం పెట్టమంటారా, నీళ్ళు కాగాయి, తలుపు గొళ్ళెం వేశావా. అంతే. జయరావు కఠినమైన మనిషేం కాదు. హైస్కూల్లో లెక్కల మాస్టారు. క్లాసులో పిల్లల్ని కడుపుబ్బ నవ్విస్తాడని పక్కింటి మదార్‌బీ చెప్తే రెబ్కా నమ్మలేకపోయింది. ఇంటికొచ్చే మనిషి వేరు. చెప్పులు అరుగు కింద విడిచినట్టే మాటల్ని కూడా అక్కడే విడిచి లోపలికి వచ్చేవాడు.

జయరావు మొదటి భార్య సలోమి పచ్చకామెర్లతో చనిపోయి మూడేళ్ళయింది. వాళ్ళ కూతురు ఎస్తేరు, ఏడేళ్ళ పిల్ల, వేటపాలెంలో అమ్మమ్మ ప్రేమమ్మ దగ్గర పెరుగుతోంది. పెళ్ళికి ఆ ఇద్దరూ రాలేదు. పిల్ల కొత్తమ్మ అనే మాట వింటేనే ఏడుస్తోందని ప్రేమమ్మ కబురు పంపింది.

రెబ్కాది వినుకొండ. తండ్రి పోయాక అన్నకి తోడుగా మిషను కుట్టి చెల్లినీ తమ్ముణ్ణీ ఒక దారికి తెచ్చేసరికి ఆమెకి ముప్పై దాటాయి. రెండో పెళ్ళి సంబంధం వచ్చిందని ఆమె బాధపడలేదు. పిల్ల ఉందంటే లోపల ఎక్కడో సంతోషపడింది కూడా. కానీ ఆ పిల్ల తనని చూడకుండానే ఏడుస్తోందని విన్నప్పటినుంచీ ఆ సంతోషం ఎక్కడ దాచుకోవాలో తెలియక తిరిగింది.

శివరాత్రి వెళ్ళాక ఒక గురువారం, అన్నం తింటూ జయరావు అన్నాడు.

"ఎల్లుండి రెండో శనివారం. వేటపాలెం వెళ్దాం. పాపని అడిగి చూద్దాం, వస్తుందేమో."

రెబ్కా ఆ రెండు సాయంత్రాలూ కూర్చుని ఒక గౌను కుట్టింది. కొలత తెలియదు. గోడమీద ఫోటోలో పిల్ల తండ్రి నడుం దాకా ఉంది కాబట్టి, ఇంత ఉంటుందని చెయ్యి గాలిలో పెట్టి అంచనా వేసుకుంది.

శనివారం తెల్లవారాక ఇద్దరూ రాజ్‌దూత్ మోటారుసైకిలు మీద బయల్దేరారు. రెబ్కా మంగళగిరి చీర కట్టుకుని, వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చుంది. ఒక చెయ్యి సీటు కింద కడ్డీ మీద, ఇంకో చెయ్యి ఒళ్ళో సంచీ మీద. భర్త భుజం మీద చెయ్యి వేయవచ్చో లేదో ఆమెకి ఇంకా తేలలేదు.

చీమకుర్తి వైపు దారిలో కొండల మీద మోదుగలు విరగబూసి ఉన్నాయి. ఆకు ఒక్కటి లేదు, చెట్టంతా నిప్పురంగు. తుమ్మచెట్ల పసుపుపచ్చ పూలు గాలికి రాలి రోడ్డు అంచున గీతలా పడి ఉన్నాయి. చలి ఇంకా పూర్తిగా పోలేదు. బ్యారన్లనే ఎత్తైన కొట్టాల దగ్గర పొగాకు కాలుస్తున్న వాసన, ఆ వాసన వెనకే వేపపూత వాసన. రెబ్కాకి ఏదో ఒకటి అనాలనిపించింది. బాగుంది అంటే చాలు. కానీ ముందున్న వీపు కదల్లేదు, తల తిరగలేదు. ఆమె కూడా ఊరుకుంది.

ఒంగోల్లో కాఫీ తాగి ఉత్తరానికి తిరిగారు. అక్కణ్ణుంచి నల్లరేగడి. కోతలైన పత్తి చేలల్లో అక్కడక్కడ తెల్లటి పీచు ఎండుమోళ్ళకి పట్టుకుని వేలాడుతోంది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఒక కల్లం పక్కనుంచి పోతున్నప్పుడు ఆ ఘాటుకి జయరావు తుమ్మాడు, వెంటనే రెబ్కా తుమ్మింది, మళ్ళీ అతను. బండి కాస్త అటూ ఇటూ ఊగింది. అతను నవ్వాడేమో అని ఆమెకి అనుమానం. వీపు చూసి చెప్పడం కష్టం.

నాగులుప్పలపాడు ఇంకా రాకముందే ఎడంపక్క పొద్దుతిరుగుడు చేను వచ్చింది. ఆ పంట అటువైపు కొత్తగా వేస్తున్న రోజులవి. రెబ్కా అంత చేను ఎప్పుడూ చూడలేదు. పొద్దుటెండ వైపు తిరిగిన పూలన్నీ రోడ్డు వైపే చూస్తున్నాయి, పెళ్ళికి వచ్చిన జనంలాగా. ఆమెకి తెలియకుండానే నోట్లోంచి "అబ్బ" అని వచ్చింది.

జయరావు బండి ఆపాడు.

"దిగి చూస్తావా?"

"వద్దులెండి, ఆలస్యమవుతుంది."

అతను విననట్టు బండికి స్టాండు వేశాడు. చేను గట్టు మీద కొడవలి పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. జయరావు ఆయన్ని అడిగాడు. "ఒక్క పువ్వు కోసుకోవచ్చాండీ? మా ఇంటావిడకి."

మా ఇంటావిడ అనే మాట రెబ్కా అతని నోట మొదటిసారి విన్నది. తల వంచుకుని సంచీ పట్టీ సరిచేసుకుంది.

"కోసుకోండి, దానికేం. తేనెటీగలున్నాయి, చూసుకోండి" అన్నాడు ఆ పెద్దాయన, పేరయ్య. ఆ చేను ఆయనదే.

జయరావు గట్టు దిగి లోపలికి వెళ్ళాడు. చిన్నదాన్ని కొయ్యొచ్చు, కానీ అతను పెద్దది వెతికాడు. పువ్వు వంచి తుంచబోతున్నప్పుడు దాంట్లో ఉన్న తేనెటీగ లేచి ఎడమ కనురెప్ప మీద కుట్టింది. చేత్తో కొట్టుకుంటే పుప్పొడి అంతా కుడికంట్లో పడింది. అతను ఒక చేత్తో మొహం కప్పుకుని, రెండో చేత్తో పువ్వు మాత్రం వదలకుండా, తడుముకుంటూ గట్టెక్కాడు.

రెబ్కా పువ్వు అందుకుని సంచీలో పెట్టి అతన్ని గట్టు మీద కూర్చోబెట్టింది. రెప్ప మీద ముల్లు కనబడుతోంది. "కదలకండి" అని గడ్డం పట్టుకుని మొహం ఎండ వైపు తిప్పి గోటితో ముల్లు తీసింది. అంతకుముందు ఆమె అతని మొహాన్ని వెలుగులో అంత దగ్గరగా చూసింది లేదు. కణత మీద రెండు తెల్లవెంట్రుకలు, చెంప మీద చిన్నప్పటి అమ్మోరు మచ్చ.

పేరయ్య భార్య వెంకటేశ్వరమ్మ పాక దగ్గర్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కుడికన్ను కడిగారు. అయినా అది ఎర్రబడి నీరు కారుతూనే ఉంది. ఎడమది చూస్తుండగానే వాచి మూసుకుపోయింది. తడిగుడ్డ కట్టి కూర్చోబెట్టాక మజ్జిగ ఇచ్చారు.

"బండి ఇక్కడే ఉంచి బస్సెక్కండి మాస్టారూ" అన్నాడు పేరయ్య. "మా పాక ముందు పెడతాను. తిరిగొచ్చేప్పుడు తీసుకుపోదురు."

"బస్సెప్పుడండీ?"

"ఇప్పుడే ఒకటి పోయింది. మళ్ళీ మధ్యాహ్నం మీదే."

పాప ఎదురుచూస్తుంటుంది అని జయరావు మెల్లిగా అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తాను. ఆ మాట విన్నాక రెబ్కా ఇంక ఆగలేకపోయింది.

"ఏమండీ, నేను తోలతాను."

గుడ్డ కట్టుకున్న మొహం ఆమె వైపు తిరిగింది. "ఏది?"

"బండి. నాకు వచ్చు. మా అన్నయ్య షెడ్డులో నేర్చుకున్నాను."

ఆమె అన్న జక్రయ్యకి వినుకొండలో మోటారుసైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉంది. రిపేరైన బండ్లని పొద్దున్నే కొండ కింద ఖాళీ రోడ్డు మీద తోలి చూసే పని రెబ్కాది. అన్నకి కాలు బాగోక కొన్నాళ్ళు ఆమె చేసిన పని అది, ఆ తర్వాత ఇష్టంతో చేసింది. పెళ్ళి కుదిరినప్పుడు తల్లి గట్టిగా చెప్పింది, ఈ సంగతి వాళ్ళ చెవిన పడనీయకు, మగరాయుడనుకుంటారు అని.

అదంతా ఆమె గబగబా చెప్పింది.

"రెండు నెలల్నించీ నా వెనక కూర్చుంటున్నావు. నేను గేరు తప్పు వేసినప్పుడల్లా నీకు తెలుస్తూనే ఉందన్నమాట."

"తెలిసేదండీ" అంది రెబ్కా. "మూడోది త్వరగా వేస్తారు" అంది.

అతను నవ్వాడు. తల వెనక్కి వేసి, వాచిన కన్ను నొప్పి పుడుతున్నా ఆపుకోలేక నవ్వాడు. పేరయ్య కూడా నవ్వాడు. మదార్‌బీ చెప్పింది ఈ మనిషి గురించేనని రెబ్కాకి అప్పుడు నమ్మకం కుదిరింది.

చీరతో ఎట్లా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి వెంకటేశ్వరమ్మ ఉంది. రెబ్కాని పాక వెనక్కి తీసుకెళ్ళి, కలుపుకి దిగేటప్పుడు కట్టుకున్నట్టు కుచ్చిళ్ళు వెనక్కి లాగి గోచీ దోపింది. "ఇప్పుడు నువ్వు ఎద్దునైనా ఎక్కొచ్చమ్మాయ్" అని వీపు తట్టింది.

రెబ్కా కిక్కు కొట్టింది. రెండోసారికి బండి పలికింది. జయరావు తడుముకుంటూ వెనక ఎక్కి, సీటు కింద కడ్డీ పట్టుకున్నాడు.

మొదటి మైలు ఆమె రెండో గేరు దాటలేదు. చాలా రోజులైంది, పైగా వెనక ఉన్నది అన్న కాదు. తర్వాత రోడ్డు చేతికి వచ్చింది. ఎదురొచ్చిన ఎడ్లబండివాడు పగ్గాలు వదిలేసి చూశాడు. ఉప్పుగుండూరు సెంటర్లో టీ కొట్టు ముందు కుర్రాళ్ళు ఈల వేస్తే, వెనకనుంచి జయరావు మాస్టారు గొంతుతో "ఏరా, మీ బళ్ళో ఇదేనా నేర్పింది?" అన్నాడు. కళ్ళకి గుడ్డ కట్టుకున్న మనిషి అట్లా గద్దించేసరికి వాళ్ళు నోరు మూసుకున్నారు.

ఊరు దాటిన తర్వాత ఒక గుంట వచ్చింది. బండి ఎగిరింది. కడ్డీ మీద ఉన్న అతని చెయ్యి ఆమె భుజం మీదకి వచ్చింది. రోడ్డు బాగుపడ్డాక కూడా అక్కడే ఉంది.

"ఎక్కడున్నాం?" అని అడిగాడు.

"చినగంజాం వస్తున్నట్టుంది. ఉప్పు కొటార్లు కనబడుతున్నాయి."

"ఎట్లా ఉన్నాయి?"

ఎట్లా ఉన్నాయో చెప్పమని ఎవరూ ఆమెని ఎప్పుడూ అడగలేదు. "మళ్ళు కట్టిన పొలంలాగే ఉన్నాయండీ, కానీ పచ్చగా లేవు. ఆకాశం ముక్కలు ముక్కలుగా కోసి పరిచినట్టున్నాయి. ఉప్పు కుప్పలు పోశారు. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడింది. మనల్నే చూస్తోంది."

"అది కూడానా?"

ఈసారి ఇద్దరూ నవ్వారు. అక్కణ్ణుంచి అతను అడుగుతూనే ఉన్నాడు, ఆమె చెప్తూనే ఉంది. నేల నలుపు పోయి ఇసుక వచ్చిందని, తాటిచెట్లు వచ్చాయని, కనకాంబరం మడులు వచ్చాయని, ఆడవాళ్ళు వరసగా కూర్చుని పూలు కోస్తున్నారని, వాళ్ళ ఒళ్ళో గుడ్డల్లో పూలు పోగుపడి నారింజరంగు మెరుస్తోందని. గాలిలో ఉప్పు తగిలినప్పుడు మాత్రం ఆమె చెప్పేలోపే అతను "సముద్రం" అన్నాడు.

ఇంకో ఊరు దాటారు. తర్వాత అతను అన్నాడు.

"ఈ బండి సలోమి పోయాక కొన్నాను. జ్వరం ఎక్కువైన రోజు ఒంగోలు తీసుకెళ్ళడానికి బస్సు దొరకలేదు. పాలవ్యాను వస్తే ఎక్కించాం. అప్పటికే ఆలస్యమైంది. బండి ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కానీ తర్వాత వెళ్ళి కొన్నాను."

రెబ్కా బండి వేగం తగ్గించింది. భుజం మీద ఉన్న అతని చెయ్యి మీద తన ఎడమచెయ్యి ఒక్కసారి ఉంచి, మళ్ళీ క్లచ్చి పట్టుకుంది.

వేటపాలెం చివర, ఇసుకలో, జీడితోటలో ప్రేమమ్మ పనిచేసే పాక ఉంది. ఆడవాళ్ళు కాల్చిన జీడిగింజల్ని చెక్కమీద పెట్టి కొడుతున్నారు. పెంకులోంచి కారే జీడి అంటకుండా చేతులకి బూడిద రాసుకుంటారు. అయినా ఏళ్ళతరబడి అంటి వాళ్ళ వేళ్ళు నల్లబడిపోయి ఉంటాయి. బండి చప్పుడికి అందరూ తలలెత్తారు. ఆడమనిషి తోలడం, వెనక జయరావు కళ్ళకి గుడ్డతో కూర్చోవడం చూసి ప్రేమమ్మ చేతిలో సుత్తి పారేసి పరిగెత్తుకొచ్చింది.

"బాబూ, ఏమైందయ్యా? ఎక్కడ పడ్డారు?"

"పడలేదత్తమ్మా. తేనెటీగ కుట్టింది."

ఆమె నల్లటి చేతులతో అతని గడ్డం పట్టుకుని మొహం అంతా వెతికింది. ఇంకే దెబ్బా లేదని తేలాక గాలి వదిలి, అప్పుడు రెబ్కాని చూసింది. కొత్తమ్మ వస్తే ఎట్లా పలకరించాలా, పలకరించాలా వద్దా అని ఆమె ఎన్నాళ్ళనుంచో అనుకుంటూ ఉండివుంటుంది. గోచీ దోపుకుని, మొహమంతా దుమ్ముతో నిలబడ్డ మనిషిని చూశాక అవేవీ గుర్తు రాలేదు.

"ఎంత దూరం తోలుకొచ్చావమ్మా? రా, నీళ్ళు తాగుదువు రా."

ఎస్తేరు గుంజ చాటున నిలబడి చూసింది. పిల్ల ఫోటోలో కన్నా పొడుగైంది. గౌను పొట్టవుతుందని రెబ్కాకి చూడగానే తెలిసిపోయింది.

"నాన్నకి కళ్ళు పోయాయా?" అని అడిగింది పిల్ల, ఎవరినీ ఉద్దేశించకుండా.

"లేదు" అంది రెబ్కా. "రేపటికి వాపు తగ్గిపోతుంది. అప్పుడు నిన్ను బాగా చూస్తారు."

"బండి నువ్వే తోలావా?"

"ఊఁ."

"ఆడవాళ్ళు తోలరుగా."

"తోలానుగా మరి."

పిల్ల బండి దగ్గరికి నడిచి టాంకు మీద వేలు పెట్టి, వేడిగా ఉంటే తీసేసి, మళ్ళీ పెట్టింది.

మధ్యాహ్నం ప్రేమమ్మ ఇంట్లో చేపలపులుసుతో అన్నం తిన్నారు. జయరావు కళ్ళ మీద తడిగుడ్డతో మంచం మీద పడుకున్నాడు. రెబ్కా గౌను తీసి చూపించింది. మోకాళ్ళ పైకే ఉంది. పిల్ల మొహం చిన్నబోవడం చూసి, సూదీదారం అడిగి, మడత విప్పి అంచు దించి అక్కడే కుట్టింది. ప్రేమమ్మ గడపలో కూర్చుని ఆ వేళ్ళనే చూస్తూ ఉంది. కుట్టు అయ్యాక ఎస్తేరు గౌను తొడుక్కుని, ఇప్పుడు బండెక్కాలంది.

"అమ్మమ్మ రాకపోతే నేనెక్కను" అని కూడా అంది.

"నేనా?" అంది ప్రేమమ్మ. "ఈ వయసులోనా?"

"రండమ్మా, మెల్లిగా పోతాను" అంది రెబ్కా.

ముందు టాంకు మీద పిల్ల, వెనక పక్కకి తిరిగి ప్రేమమ్మ, రెండు చేతులతో రెబ్కా నడుం గట్టిగా చుట్టేసి. జీడితోటల మధ్య బాట మీద బండి పోయింది. చెట్లు పూతకొచ్చి ఉన్నాయి. పూత చిన్నది, తెలుపూ గులాబీ కలిసిన రంగు. కొమ్మలు కిందికి ఉన్నచోట తలలు వంచితే పూత జుట్టులో రాలింది. ప్రేమమ్మ మొదట ప్రభువా ప్రభువా అంటూ వచ్చింది. కొంత దూరం పోయాక ఆ మాట ఆగిపోయింది. తర్వాత "ఇంకాస్త తోలమ్మా, ఏం కాదులే" అంది.

సముద్రం ఒడ్డున పడవలు ఇసుకలోకి లాగి ఉన్నాయి. వలలు బాగుచేసుకునే వాళ్ళు తలెత్తి చూసి, చూస్తూ ఉండిపోయారు. పిల్ల గౌను ఎత్తి పట్టుకుని అలల్లోకి పరిగెత్తింది. ఇద్దరు ఆడవాళ్ళూ పొడి ఇసుకలో కూర్చున్నారు.

కాసేపటికి ప్రేమమ్మ అంది. "పిల్ల ఏడుస్తోందని కబురు చేశాను కదమ్మా. అది ఏడవలేదు. ఏడ్చింది నేను."

రెబ్కా ఆమె వైపు చూసింది.

"ఇది కూడా పోతే ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళుండరు. కూతుర్ని ఇచ్చి ఊరుకున్నాను. కూతురి కూతుర్ని కూడా ఇవ్వమంటే నాకు చేతులు రాలేదు."

"నేను ఇప్పుడు తీసుకెళ్ళనమ్మా" అంది రెబ్కా. అనుకుని అన్న మాట కాదు, కానీ అన్నాక అదే సరైనదనిపించింది. "పరీక్షలు కానివ్వండి. ఈలోపు మేం వస్తూ ఉంటాం. దానికి నేను అలవాటు కావాలి, మీకు కూడా. బళ్ళు తెరిచేటప్పుడు మీరే దాన్ని తీసుకుని రండి. వచ్చి మా దగ్గర ఉండండి, ఉండగలిగినన్నాళ్ళు."

ప్రేమమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ ఆయన ఏమంటాడో."

"నేను చెప్తాను. ఇవాళ్టినుంచి నా మాట వింటున్నారు."

ఎస్తేరు తడి కాళ్ళతో వచ్చి రెబ్కా ముందు నిలబడింది. చాలాసేపటి నుంచీ మనసులో ఉన్నదాన్ని అడగడానికే వచ్చినట్టు నిలబడింది.

"నువ్వు కూడా చచ్చిపోతావా?"

ప్రేమమ్మ పిల్లని కసరబోయింది. రెబ్కా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎప్పుడో ఒకరోజు అందరం పోతాం" అంది. "నాకు మాత్రం ఇప్పట్లో పోవాలని లేదు. నీకు బండి నేర్పాలి కదా."

పిల్ల తన కాళ్ళ వైపు చూసుకుంది. "నా కాళ్ళు అందవు."

"అందేదాకా ఉంటాను."

"అందాక?"

"అందాక కూడా ఉంటాను. నువ్వు సరిగ్గా తోలుతున్నావో లేదో చూడొద్దూ?"

ఎస్తేరు వచ్చి రెబ్కాకి ఆనుకుని కూర్చుని, కాళ్ళకంటిన ఇసుకని మెల్లిగా రాల్చుకోసాగింది. రాల్చిందంతా ఆ మంగళగిరి చీర మీదే పడింది. రెబ్కా కదల్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక భార్యాభర్తలిద్దరే పొదిలి తిరిగొచ్చారు. జయరావు కళ్ళు బాగయ్యాయి, అయినా చీరాల నుంచి వచ్చే పెద్దరోడ్డు ఎక్కేదాకా బండి ఆమెనే తోలమన్నాడు.

ఆ వేసవంతా వాళ్ళు వీలైనప్పుడల్లా వేటపాలెం వెళ్ళారు. జూన్‌లో ప్రేమమ్మ ఒక ట్రంకుపెట్టెతో, మనవరాలితో బస్సు దిగింది. నెల రోజులుంది. రోజూ సాయంత్రం మదార్‌బీతో అరుగు మీద కూర్చుని, ఈ ఊళ్ళో గాలి లేదు, చేప లేదు అని చెప్పి చెప్పి, చివరికి తన తోటకి తను వెళ్ళిపోయింది. పిల్ల ఏడ్చింది. రెండో శనివారం వెళ్దామని చెప్తే ఊరుకుంది. ఆ మాట వాళ్ళు తప్పలేదు. స్కూలు పనుండి జయరావుకి కుదరని శనివారాల్లో రెబ్కా, ఎస్తేరు ఇద్దరే వెళ్ళేవాళ్ళు.

జీడితోట పాకలో ఆడవాళ్ళకి ఆ బండి చప్పుడు దూరం నుంచే తెలిసిపోయేది. ఎవరే ప్రేమమ్మా, చుట్టాలా అని కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా అడిగితే, ఆమె చేతుల మీద బూడిద దులుపుకుంటూ లేచేది.

"మా అమ్మాయి" అనేది. "మనవరాల్ని తీసుకొస్తోంది."